వెబ్ యాక్సెసిబిలిటీ: చదువుకు కొలువు, ఊరికి ఉపకారం

శ్రీకాకుళం జిల్లాలో సంతబొమ్మాళి, టెక్కలి, పలాస వైపు బీటెక్, బీసీఏ, డిగ్రీ కంప్యూటర్స్ చదివే పిల్లలు కెరీర్ గురించి మాట కలిపితే ముందుగా అడిగేది ఇదే: ‘‘వెబ్ డెవలపర్ ఉద్యోగానికి రియాక్ట్ నేర్చుకోవాలా, యాంగులర్ నేర్చుకోవాలా?’’ ముందు హెచ్‌టీఎంఎల్ నేర్చుకోండి, చూపు లేనివారు కూడా ఆ పేజీని వాడుకోగలిగేంత బాగా నేర్చుకోండి అన్నది నా జవాబు. దాని తరువాత సీఎస్ఎస్, ఆ రెండూ వచ్చాక జావాస్క్రిప్ట్. ఫ్రేమ్‌వర్క్ వంతు అప్పుడు వస్తుంది.

ఈ వరుసలో నేర్చుకున్నవారికి ఇప్పుడు ప్రత్యేకమైన గిరాకీ ఉంది. దాని పేరు వెబ్ యాక్సెసిబిలిటీ. చూపు, వినికిడి, చేతి కదలిక, జ్ఞాపకం వీటిలో ఏ లోపం ఉన్నవారైనా వెబ్‌సైట్‌ను, యాప్‌ను సొంతంగా వాడుకునేలా తయారుచేయడం, అలా ఉందో లేదో పరీక్షించడం, లేకపోతే సరిచేయడం ఈ రంగంలోని పని. ఇంజినీరింగ్ కాలేజీల్లో దీన్ని విడిగా పాఠంగా చెప్పేది తక్కువ. కాబట్టి పట్టుగా నేర్చుకున్న విద్యార్థి, అతను ఏ కాలేజీ నుంచి వచ్చినా, వందల రెజ్యూమెల మధ్య వేరుగా కనిపిస్తాడు.

ఎవరి కోసం ఈ పని?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది దివ్యాంగులు ఉన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే వారి సంఖ్య 22 లక్షలు దాటింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో ప్రతి ఆరుగురిలో ఒకరికి చెప్పుకోదగ్గ వైకల్యం ఉంది. ఈ అంకెలను పక్కనపెట్టి మన చుట్టూ చూసినా సంగతి బోధపడుతుంది.

ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుతో డయాలసిస్ మీద ఉన్నవారి సంగతి చూడండి. ఒక్కో విడత సుమారు నాలుగు గంటలు పడుతుంది. సూదులు పెట్టిన చేతిని అంతసేపూ కదపకూడదు. ఆ వేళ పింఛను పడిందో లేదో ఫోన్‌లో చూసుకోవాలంటే రెండో చెయ్యే ఆధారం. బటన్లు బియ్యపు గింజంత ఉండి, పక్కపక్కనే అతుక్కుని ఉంటే ఒకటి నొక్కబోయి మరొకటి నొక్కుతారు.

పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమలో పనిచేసే ఆడవాళ్ల చేతులు చూడండి. జీడిపిక్క తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. ఏళ్ల తరబడి పిక్కలు ఒలిచిన వేళ్ల మీద ముద్రలు అరిగిపోతాయి. వేలిముద్ర తప్ప మరో దారి పెట్టని సేవ ఆ తల్లులను గుమ్మంలోనే ఆపేస్తుంది. నౌపడ ఉప్పు మడుల్లో మిట్టమధ్యాహ్నం ఫోన్ తీసినవారికి లేత బూడిదరంగు అక్షరాలు కనిపించవు. భావనపాడు తీరంలో పెద్దగా చదువుకోని మత్స్యకారుడికి పేజీని చదివి వినిపించే గొంతు కావాలి. పుట్టుకతో చూపు లేని విద్యార్థికి కావలసిందీ అదే గొంతు.

తుపాను సంగతి మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. కరెంటు లేదు, సెల్ టవర్లు పనిచేయలేదు. అలాంటి రోజుల్లో దొరికే కాస్త సిగ్నల్‌లో తెరుచుకునే పేజీ ఏది, తెల్లగా మిగిలిపోయే పేజీ ఏది అన్నది దాన్ని రాసిన డెవలపర్ చేతిలో ఉంటుంది. ఈ బాధలు ఎరిగినవారు ఈ రంగానికి కావాలి. మీరు పెరిగిన ఊరే మీకు సగం పాఠం చెప్పింది.

నియమాలు ఎక్కడివి?

వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ 1997లో వెబ్ యాక్సెసిబిలిటీ ఇనిషియేటివ్‌ను ప్రారంభించింది. 1999 మే 5న మొదటి మార్గదర్శకాలు వచ్చాయి. వీటినే డబ్ల్యూసీఏజీ అంటారు, వాడుకలో ‘వికాగ్’. 2008 డిసెంబరులో 2.0, 2018 జూన్‌లో 2.1, 2023 అక్టోబరు 5న 2.2 విడుదలయ్యాయి. ఇంటర్వ్యూలో ఎక్కువగా అడిగేవి చివరి రెండే.

మార్గదర్శకాలన్నీ నాలుగు సూత్రాల కింద ఉంటాయి. సమాచారం ఏదో ఒక ఇంద్రియానికి అందాలి. ఏ సాధనంతోనైనా పని చేయించగలగాలి. చదివితే అర్థం కావాలి. పాత ఫోన్ అయినా, కొత్త బ్రౌజర్ అయినా, తెర మీది విషయాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అయినా పేజీ చెక్కుచెదరకుండా నిలబడాలి. ప్రతి సూత్రం కింద పరీక్షించదగిన షరతులు ఉంటాయి. 2.2లో అవి మొత్తం 86. వాటిని ఎ, డబుల్ ఎ, ట్రిపుల్ ఎ అనే మూడు స్థాయులుగా విడగొట్టారు. చట్టాలు, కంపెనీలు సాధారణంగా కోరేది డబుల్ ఎ.

మొదటి నెలలోనే నోటికి రావలసినవి ఇవి:

- సమాచారం ఇచ్చే ప్రతి బొమ్మకు ప్రత్యామ్నాయ వచనం ఉండాలి. అలంకారానికి పెట్టిన బొమ్మకు ఆల్ట్ ఖాళీగా వదలాలి, కానీ ఆల్ట్ అనే అట్రిబ్యూట్‌ను అసలే మానేయకూడదు.
- మామూలు అక్షరాలకు, వెనుక రంగుకు మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలి. పెద్ద అక్షరాలకు 3:1 చాలు. తెలుపు మీద 767676 కోడ్ ఉన్న బూడిదరంగు 4.54:1తో గట్టెక్కుతుంది. అంతకంటే లేతగా వెళితే తప్పుతుంది.
- మౌస్ ముట్టకుండా కీబోర్డుతోనే అన్ని పనులూ జరగాలి. ఇప్పుడు ఏ లింకు మీద ఉన్నామో కంటికి కనిపించాలి.
- నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ల పొడవు, 24 పిక్సెళ్ల వెడల్పు ఉండాలి, లేదా పక్కదానికి అంత ఎడం ఉండాలి. డయాలసిస్ కుర్చీలో ఒంటిచేత్తో ఫోన్ పట్టుకున్నవారికి ఈ షరతు ఎంత అవసరమో చెప్పనక్కరలేదు.
- ఫారంలోని ప్రతి గడికీ పేరు ఉండాలి. తప్పు ఏ గడిలో జరిగిందో మాటల్లో చెప్పాలి, ఎర్రరంగు ఒక్కటే సరిపోదు.
- అక్షరాలను 200 శాతానికి పెంచినా సమాచారం తెగిపోకూడదు.

ఇవి చాలా చిన్న సంగతులని అనిపించవచ్చు. వెబ్‌ఎయిమ్ అనే అమెరికన్ సంస్థ ఏటా పది లక్షల హోమ్‌పేజీలను యంత్రంతో పరీక్షిస్తుంది. 2025 నివేదికలో 94.8 శాతం పేజీల్లో ఏదో ఒక లోపం బయటపడింది. 79 శాతానికి పైగా పేజీల్లో అక్షరాల రంగు లేతగా ఉంది. సగానికి పైగా పేజీల్లో బొమ్మలకు వచనం లేదు. దాదాపు సగం పేజీల్లో ఫారం గడులకు పేర్లు లేవు. వీటిని సరిచేయడానికి గొప్ప పరిశోధన అక్కరలేదు. శ్రద్ధగా పనిచేసే మనుషులు కావాలి, వారి కొరతే ఇక్కడ మీకు అవకాశం.

స్క్రిప్ట్ పునాది కాకూడదు

ఇంటర్వ్యూలో అభ్యర్థి లోతు తెలిసేది ఈ విషయం దగ్గరే. 2003లో స్టీవ్ చాంపియన్, నిక్ ఫింక్ అమెరికాలో జరిగిన సౌత్ బై సౌత్‌వెస్ట్ సమావేశంలో ఒక పద్ధతిని ప్రతిపాదించారు. దానికి చాంపియన్ పెట్టిన పేరు ప్రోగ్రెసివ్ ఎన్‌హాన్స్‌మెంట్. ముందుగా విషయం, అసలు పని హెచ్‌టీఎంఎల్‌తోనే అందాలి. దాని మీద సీఎస్ఎస్‌తో రూపం రావాలి. బ్రౌజర్‌కు శక్తి ఉంటే, నెట్‌వర్క్ సహకరిస్తే జావాస్క్రిప్ట్ అదనపు సౌకర్యం ఇవ్వాలి. నౌపడలో ముందు మడిని చదునుచేసి గట్టిగా తొక్కిన తరువాతే నీరు పెడతారు. మడి వదులుగా ఉంటే ఎంత మంచి ఎండ కాసినా ఉప్పులో మట్టి కలుస్తుంది. వెబ్ పేజీకి ఆ గట్టి మడి హెచ్‌టీఎంఎల్.

ఇలా ఎందుకు చేయాలో తెలియాలంటే మూడు భాషల స్వభావం తెలియాలి. హెచ్‌టీఎంఎల్‌లో ఒక ట్యాగ్ తప్పు రాసినా బ్రౌజర్ సర్దుకుని మిగిలినది చూపిస్తుంది. ఫైలు సగమే వచ్చినా వచ్చినంత మేరకు చూపిస్తుంది. సీఎస్ఎస్‌లో అర్థం కాని వరుసను వదిలేసి ముందుకు పోతుంది. జావాస్క్రిప్ట్ అలా కాదు. ఫైలు పూర్తిగా దిగాలి, బ్రౌజర్ దాన్ని చదవాలి, నడపాలి. రాతలో ఒక్క తప్పున్నా ఆ ఫైలు మొత్తం నడవదు. పేజీ మొత్తాన్ని స్క్రిప్టే గీయాలని రాస్తే, స్క్రిప్ట్ రాని రోజున మిగిలేది ఖాళీ తెర.

‘‘ఈ రోజుల్లో జావాస్క్రిప్ట్ ఆపేసుకునేవారు ఎవరున్నారు?’’ అని మీ సీనియర్ అడగవచ్చు. బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం 2013లో తమ వెబ్‌సైట్‌లో సరిగ్గా ఇదే కొలిచింది. 1.1 శాతం సందర్శనల్లో, అంటే సుమారు 93కు ఒకటి చొప్పున, స్క్రిప్ట్ పనిచేయలేదు. వాటిలో స్క్రిప్ట్‌ను ఆపేసుకున్నవారు, అది నడవని బ్రౌజర్ ఉన్నవారు 0.2 శాతమే. మిగిలిన 0.9 శాతం మందికి అది అందవలసి ఉండీ అందలేదు. లైను తెగడం, ఆఫీసు ఫైర్‌వాల్ అడ్డుకోవడం, ఫోన్ మొరాయించడం, పేజీ మధ్యలో ఆగిపోవడం ఇలాంటి కారణాలు ఏవైనా కావచ్చు. మంచి నెట్ ఉన్న దేశంలోనే అలా ఉంటే, సముద్రపు ఒడ్డున ఒకటి రెండు గీతల సిగ్నల్ మీద బతికే ఊళ్ల మాట చెప్పనక్కరలేదు.

ఒక పని తీసుకుని చేసి చూద్దాం. తుపాను నష్టపరిహారం జాబితాలో రైతు పేరు ఉందో లేదో చూసే పేజీ రాయాలి.

మొదటి దశలో హెచ్‌టీఎంఎల్ ఫారం ఒక్కటే. మండలం, గ్రామం, పట్టాదారు పాసుపుస్తకం నంబరు అనే మూడు గడులు, ప్రతిదానికీ లేబుల్, చివర నిజమైన సబ్‌మిట్ బటన్. నొక్కితే వివరాలు సర్వర్‌కు వెళతాయి, ఫలితం కొత్త పేజీగా వస్తుంది. ఏ ఫోన్‌లోనైనా ఇది పనిచేస్తుంది. స్క్రీన్ రీడర్‌కు అదనంగా చేయవలసింది దాదాపు ఏమీ ఉండదు.

రెండో దశలో సీఎస్ఎస్. అక్షరాల పరిమాణం, రంగుల తేడా, గడుల మధ్య ఎడం. 320 పిక్సెళ్ల వెడల్పు తెరలో కూడా అడ్డంగా జరుపుకోవలసిన అవసరం లేకుండా ఇమడాలి.

మూడో దశలో జావాస్క్రిప్ట్. సంతబొమ్మాళి అని ఎంచుకోగానే ఆ మండలం గ్రామాలే జాబితాలో చూపించాలి. నంబరులో అంకె తగ్గితే పంపకముందే చెప్పాలి. ఫలితాన్ని పేజీ మార్చకుండా అక్కడే చూపించాలి. ఈ మూడూ సౌకర్యాలే. ఇవి రాకపోయినా రైతు పని ఆగదు. ఇక్కడ ఒక బాధ్యత కూడా ఉంది. పేజీ మారకుండా ఫలితం వస్తే చూపు ఉన్నవారికి కనిపిస్తుంది, స్క్రీన్ రీడర్ వాడేవారికి తెలియదు. అందుకని ఆ ఫలితం ఉన్న భాగానికి ఆరియా లైవ్ అనే అట్రిబ్యూట్ పెట్టాలి. అప్పుడు గొంతు దాన్ని చదివి వినిపిస్తుంది. తప్పు జరిగితే కర్సర్‌ను ఆ గడి దగ్గరికి తీసుకెళ్లాలి.

స్క్రీన్ రీడర్ల వంటి సాధనాలకు ఇలా అదనపు సమాచారం ఇచ్చే ఆరియా ప్రమాణం 2014లో వచ్చింది. దాని మొదటి నియమం గుర్తుంచుకోండి. హెచ్‌టీఎంఎల్‌లోనే ఆ పనిచేసే ట్యాగ్ ఉంటే దాన్నే వాడాలి, ఆరియాతో నకలు తయారుచేయకూడదు. డివ్ ట్యాగ్‌కు క్లిక్ తగిలించి బటన్‌లా కనిపించేట్టు చేస్తే కీబోర్డు దాని దగ్గరికి వెళ్లదు, ఎంటర్ నొక్కినా పలకదు, స్క్రీన్ రీడర్ దాన్ని బటన్ అని చెప్పదు. బటన్ ట్యాగ్ వాడితే ఈ మూడూ ఉచితంగా వస్తాయి.

ఒక అపోహ కూడా తొలగాలి. 1999 నాటి మార్గదర్శకాలు స్క్రిప్ట్ ఆపినా పేజీ పనిచేయాలని కోరాయి. 2008 నుంచి ఆ షరతు లేదు. స్క్రిప్ట్ వాడండి, కానీ అది సహాయక సాధనాలకు అర్థమయ్యేలా ఉండాలన్నది ఇప్పటి నియమం. కాబట్టి ‘స్క్రిప్ట్ వాడితే వికాగ్ తప్పినట్టే’ అని ఇంటర్వ్యూలో అనకండి. వికాగ్ కోరకపోయినా బలహీనమైన నెట్‌వర్క్ ఉన్నవారి కోసం ప్రోగ్రెసివ్ ఎన్‌హాన్స్‌మెంట్ పాటించడం మంచి ఇంజినీరింగ్. ఈ రెండింటి తేడా స్పష్టంగా చెప్పగలిగిన అభ్యర్థిని ఎవరూ మరచిపోరు.

తెలుగు పేజీలకు ప్రత్యేకమైన జాగ్రత్తలు

ఇంగ్లిష్ పుస్తకాల్లో పెద్దగా కనిపించని ఈ భాగం మీ సొంత బలం కావాలి.

మొదటిది భాష ప్రకటన. పేజీ తెలుగులో ఉందని హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లోని లాంగ్ అట్రిబ్యూట్‌లో రాయాలి. అది లేకపోతే స్క్రీన్ రీడర్ తెలుగు గొంతుకు మారకపోవచ్చు. ఇంగ్లిష్ గొంతు తెలుగు అక్షరాలను తప్పుగా పలుకుతుంది, లేదా మౌనంగా దాటేస్తుంది. తెలుగు పేజీ మధ్యలో ఇంగ్లిష్ పేరా వస్తే దానికి విడిగా చెప్పాలి. మొదటిది ఎ స్థాయి షరతు, రెండోది డబుల్ ఎ.

రెండోది యూనికోడ్. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టిన తెలుగు కంటికి తెలుగే, లోపల మాత్రం ఇంగ్లిష్ అక్షరాల కోడ్. స్క్రీన్ రీడర్ చదివితే అర్థంలేని శబ్దాలు వస్తాయి. వెతికినా దొరకదు. అలాంటి పీడీఎఫ్‌లను, స్కాన్ చేసి పెట్టిన ఉత్తర్వులను యూనికోడ్‌లోకి మార్చి, శీర్షికలు, పట్టికలు, చదివే వరుస గుర్తించి సరిచేయడాన్ని డాక్యుమెంట్ రెమిడియేషన్ అంటారు. ఇది పూర్తిస్థాయి ఉద్యోగం. తెలుగు మీద పట్టు, కంప్యూటర్ అలవాటు ఉన్న బీఏ, బీకాం పట్టభద్రులు కూడా చేయగలరు.

మూడోది వత్తులు, గుడులు. ఇంగ్లిష్‌కు సరిపోయే ఎత్తుతో బటన్‌ను బిగిస్తే తెలుగులో కింది వత్తు, పై గుడి తెగిపోతాయి. ఎత్తును పిక్సెళ్లలో బిగించకుండా వదిలి, వరుస ఎత్తును అక్షరం పరిమాణానికి ఒకటిన్నర రెట్లకు పెంచి చూడండి.

నాలుగోది ప్రకటనల బొమ్మలు. వాట్సాప్‌లో తిరిగే పోస్టర్‌నే వెబ్‌సైట్‌లో పెట్టేసి చేతులు దులుపుకుంటారు. ఆ బొమ్మలో ఉన్న తేదీ, చోటు, అర్హత చూపు లేనివారికి చేరవు. అదే సమాచారాన్ని పక్కన వచనంగా రాయాలి.

చట్టం అడుగుతోంది, అందుకే గిరాకీ

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. సమాచార సాంకేతికత అందరికీ అందాలని 42వ సెక్షన్ చెబుతోంది. ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009 నుంచి మార్గదర్శకాలు ఉన్నాయి, వాటి మూడో రూపం 2023లో వచ్చింది. ఐటీ ఉత్పత్తులు, సేవలకు ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణం ఉంది.

2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, ఈ నియమాలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి కనీస ప్రమాణాలు ఉండాలని తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు ఆధారమైన అధ్యయనం మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయం చేసింది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసు తీర్పు వచ్చింది. యాసిడ్ దాడి బాధితులు కనురెప్ప ఆడించలేక బ్యాంకు కేవైసీలో ఆగిపోతున్నారు. చూపు లేనివారికీ అదే అవస్థ. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని కోర్టు ప్రకటించి, 20 ఆదేశాలు ఇచ్చింది. అదే ఏడాది జూలై 31న స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ తన పరిధిలోని సంస్థలన్నీ యాక్సెసిబిలిటీ పాటించాలని, యాక్సెసిబిలిటీ నిపుణుల అంతర్జాతీయ సంఘమైన ఐఏఏపీ ధ్రువీకరణ ఉన్న నిపుణులతో ఆడిట్ చేయించాలని సర్క్యులర్ ఇచ్చింది. యూరప్ యాక్సెసిబిలిటీ చట్టం 2025 జూన్ 28 నుంచి వర్తిస్తోంది. అక్కడి వినియోగదారులకు ఉత్పత్తులు, సేవలు అమ్మే కంపెనీలకు పనిచేసే మన ఐటీ సంస్థలకూ దాని సెగ తగులుతుంది.

మన రాష్ట్రంలో 2011లో మీసేవ, 2019లో గ్రామ సచివాలయాలు, 2025 జనవరి 30న మన మిత్ర వాట్సాప్ సేవలు మొదలయ్యాయి. ప్రభుత్వం ఫోన్‌లోకి వచ్చే కొద్దీ, ఫోన్ వాడలేనివారు వెనకబడిపోకుండా చూసే మనుషుల అవసరం పెరుగుతూనే ఉంటుంది.

ఏయే కొలువులు?

యాక్సెసిబిలిటీ టెస్టర్: స్క్రీన్ రీడర్, కీబోర్డుతో పరీక్షించి లోపాలను నివేదికగా రాస్తారు. కొత్తవారు ఎక్కువగా మొదలయ్యేది ఇక్కడే.

ఫ్రంట్ ఎండ్ డెవలపర్: ఆ లోపాలను కోడ్‌లో సరిచేస్తారు, కొత్త పేజీలను మొదటినుంచీ సరిగా కడతారు.

డాక్యుమెంట్ రెమిడియేషన్ స్పెషలిస్ట్: పీడీఎఫ్, వర్డ్ ఫైళ్లను అందరూ చదవగలిగేలా మారుస్తారు.

యూఎక్స్ డిజైనర్: రంగులు, వరుసలు, ఫారాలను గీసే దశలోనే నియమాలు పాటిస్తారు.

ఆడిటర్, కన్సల్టెంట్: కొన్నేళ్ల అనుభవం తరువాత సంస్థలకు సలహా ఇస్తారు.

ఈ రంగంలో ప్రపంచమంతా వాడే యాక్స్ పరీక్షా పరికరాన్ని తయారుచేసిన డీక్ సిస్టమ్స్‌కు హైదరాబాద్‌లో కార్యాలయం ఉంది. మైక్రోసాఫ్ట్, గూగుల్, అమెజాన్ వంటి సంస్థల పెద్ద కేంద్రాలూ అక్కడే ఉన్నాయి. బ్యాంకింగ్, బీమా సంస్థల టెక్నాలజీ కేంద్రాల్లోనూ ఇలాంటి పోస్టులు వెతకండి. ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి. ‘యాక్సెసిబిలిటీ’ అని పేరు పెట్టిన పోస్టులు మామూలు డెవలపర్ పోస్టుల కంటే తక్కువ. అందుకే ఫ్రంట్ ఎండ్, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పోస్టులకు కూడా దరఖాస్తు చేస్తూ, ఇది మీ ప్రత్యేక నైపుణ్యమని రెజ్యూమెలో పైవరుసలో రాయండి.

ఆరు నెలల ప్రణాళిక

మొదటి నెల: హెచ్‌టీఎంఎల్ మాత్రమే. శీర్షికల వరుస, జాబితాలు, పట్టికలు, ఫారాలు, లేబుళ్లు. సీఎస్ఎస్ లేకుండా పేజీ చదివితే అర్థమవుతుందా అని చూసుకోండి.

రెండో నెల: సీఎస్ఎస్. రంగుల తేడా, కనిపించే ఫోకస్, చిన్న తెరలో అమరిక, తెలుగు అక్షరాల అమరిక.

మూడో నెల: వికాగ్ 2.2లోని ఎ, డబుల్ ఎ షరతులు. డబ్ల్యూ3సీ వారి ‘ఇంట్రడక్షన్ టు వెబ్ యాక్సెసిబిలిటీ’ కోర్సు ఇందుకు పనికొస్తుంది.

నాలుగో నెల: స్క్రీన్ రీడర్లు. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ ఉంటుంది. వేలితో కుడికి జరిపితే తరువాతి అంశం, రెండుసార్లు తడితే తెరుచుకోవడం. విండోస్ కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ ఉచితం. 2006లో ఆస్ట్రేలియాకు చెందిన చూపు లేని ఇద్దరు మిత్రులు మైఖేల్ కరన్, జేమ్స్ టే దీన్ని మొదలుపెట్టారు. హెచ్ నొక్కితే తరువాతి శీర్షిక, కె నొక్కితే లింకు, ఎఫ్ నొక్కితే ఫారం గడి. రోజూ అరగంట తెర ఆపేసి వినండి.

ఐదో నెల: జావాస్క్రిప్ట్, ఆరియా. ఫీచర్ ఉందో లేదో పరీక్షించి వాడడం, ఫోకస్‌ను నడిపించడం, పాప్‌అప్ నుంచి ఎస్కేప్‌తో బయటకు రావడం.

ఆరో నెల: సొంత ప్రాజెక్టు, ఒక ఆడిట్ నివేదిక, దరఖాస్తులు.

సర్టిఫికెట్లలో ఐఏఏపీ వారి సీపీఏసీసీ, డబ్ల్యూఏఎస్ పేరున్నవి. ఫీజు డాలర్లలో ఉంటుంది. చదువుకునే దశలో అప్పుచేసి రాయనక్కరలేదు. ఉద్యోగం వచ్చాక చాలా కంపెనీలు ఆ ఖర్చు భరిస్తాయి. తొలి ఉద్యోగానికి మీ ప్రాజెక్టే పెద్ద సర్టిఫికెట్.

ప్రాజెక్టు మీ మండలంలోనే ఉంది

టు-డూ లిస్ట్, కాలిక్యులేటర్ ప్రాజెక్టులు చూసి చూసి ఇంటర్వ్యూ చేసేవారు విసిగిపోయారు. మీరు తుపాను హెచ్చరికల తెలుగు పేజీ తయారుచేయండి. 50 కేబీలోపు ఉండాలి, స్క్రిప్ట్ లేకపోయినా చదవగలగాలి, టాక్‌బ్యాక్ తెలుగులో చదవాలి. స్క్రిప్ట్ అందితే దగ్గరలోని తుపాను షెల్టర్ చూపాలి. లేదా డయాలసిస్ వేళల పేజీ, జీడి ధరల పట్టిక ఎంచుకోండి. టెక్కలి ఐతం, ఎచ్చెర్ల అంబేద్కర్ విశ్వవిద్యాలయం, ఎస్.ఎం.పురం ట్రిపుల్ ఐటీ విద్యార్థులు దీన్నే చివరి ఏడాది ప్రాజెక్టుగా తీసుకోవచ్చు.

తరువాత మీరు రోజూ వాడే ఒక ప్రభుత్వ సేవను పరీక్షించి రెండు పేజీల నివేదిక రాయండి. ఏ పేజీలో, ఏ లోపం, వికాగ్ ఏ షరతుకు విరుద్ధం, ఎవరికి ఏ ఇబ్బంది, ఎలా సరిచేయాలి అన్న ఐదు అంశాలు చాలు. దాన్ని సంబంధిత కార్యాలయానికి మర్యాదగా పంపండి. యంత్ర పరికరాల నివేదికను యథాతథంగా అతికించకండి. ఆల్ట్ వచనం ఉందో లేదో యంత్రం చెబుతుంది, అది ఆ బొమ్మకు సరైనదో కాదో మనిషే చెప్పాలి.

అన్నిటికంటే ముఖ్యం, మీ ఊళ్లో చూపు లేనివారినో, చేయి సరిగా ఆడనివారినో కలిసి, వారి అనుమతితో, వారు ఫోన్ ఎలా వాడుతున్నారో పక్కన కూర్చుని చూడండి. ‘‘ఇలా నొక్కు బాబాయ్’’ అని మధ్యలో అందుకోకండి. వారు ఆగిన చోటు రాసుకోండి. కళ్లకు గంతలు కట్టుకుని మీరు చేసే పరీక్ష దీనికి సాటిరాదు.

దివ్యాంగ విద్యార్థులకు

ఈ రంగంలో మీ అనుభవమే నైపుణ్యం. స్క్రీన్ రీడర్‌ను మాతృభాషలా వాడే టెస్టర్‌కు దొరికే లోపాలు ఇతరులకు అంత త్వరగా దొరకవు. మచిలీపట్నం ప్రాంతంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లాకు చూపు లేదని ఇంటర్‌లో సైన్స్ సీటు నిరాకరిస్తే కోర్టుకు వెళ్లి సాధించారు. అమెరికాలోని ఎంఐటీలో చదివి, తిరిగివచ్చి హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించారు. ప్రభుత్వ కొలువుల్లో 2016 చట్టం ప్రకారం 4 శాతం రిజర్వేషన్ ఉంది. ఇంటర్వ్యూకు, ఆన్‌లైన్ పరీక్షకు మీకు కావలసిన సదుపాయాన్ని ముందుగానే రాతపూర్వకంగా అడగండి. అది దయతో ఇచ్చేది కాదు, మీ హక్కు.

ఈ వారమే మొదలుపెట్టండి

మూలపేట పోర్టు వస్తే ఉద్యోగాలు వస్తాయని మన యువత ఎదురుచూస్తోంది. రావాలి కూడా. అంతవరకూ ఊరు విడిచి చెన్నైకో, గల్ఫ్‌కో పోవడమే దారి అనుకోకండి. ఈ పని నేర్చుకోవడానికి కావలసింది ఒక మామూలు కంప్యూటర్, ఒక ఆండ్రాయిడ్ ఫోన్, రోజుకు రెండు గంటలు.

ఈ వారం మీ కాలేజీ వెబ్‌సైట్ తెరిచి మౌస్ తీసి పక్కన పెట్టండి. ట్యాబ్, ఎంటర్ మీటలతోనే పరీక్షా ఫలితాల దాకా వెళ్లి చూడండి. బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ ఆపి మరోసారి ప్రయత్నించండి. ఎక్కడ ఆగిపోయారో కాగితం మీద రాయండి. ఆ కాగితంతో మీ చదువు మొదలవుతుంది, సరిచేసిన పేజీతో మీ రెజ్యూమె మొదలవుతుంది. ఉద్యోగం హైదరాబాద్‌లో దొరికినా, విశాఖలో దొరికినా, మీరు సరిగా రాసిన ప్రతి ఫారం వల్ల ఎవరో ఒకరు తమ పింఛను, తమ పరిహారం, తమ మార్కులు మరొకరి చేయి అడగకుండా తామే చూసుకోగలుగుతారు. చదువుకున్నవారు పుట్టిన ఊరికి తీర్చగల రుణాల్లో ఇంత సూటిగా చేరేవి తక్కువ.